చెన్నై తేమలో ఓడకు పలకలు వేయడం

చెక్క నమూనా ఓడ కిట్ తెరవగానే అందరి చూపూ తెరచాపల మీదే. అసలు పనంతా ఓడ పొట్ట దగ్గరే ఉంది.

వెన్నుచెక్కకు, అంటే ఓడ పొడవునా సాగే నడిమి చెక్కకు, పక్కటెముకల్లాంటి అడ్డచట్రాలు అతికించాక ఒక సన్నటి పలకను ముక్కు నుంచి వెనక దాకా ఆనించి చూడండి. ప్రతి చట్రం అంచునూ అది నిండుగా తాకాలి. ఒక మూలే తగిలితే 120 నంబరు సాండ్‌పేపర్‌తో ఏటవాలుగా అరగదీయాలి.

మొదటి పొరకు చాలా కిట్లలో 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పు పలకలు ఇస్తారు. 15-20 నిమిషాలు నానబెట్టి, చట్రాల మీద వంచి, క్లిప్పులు పెట్టాలి. చెన్నైలో చిక్కంతా ఇక్కడే. నవంబరు వానల్లో పలక చేతికి పొడిగానే తగులుతుంది, లోపల మాత్రం తడి. అలా ఉబ్బిన పలకను అతికిస్తే, తర్వాత ఏసీ గదిలో కుంచించుకుపోయి వెంట్రుకవాసి సందులు తేలతాయి. ఒక రోజంతా ఫ్యాను కింద ఉంచాల్సిందే.

ఎడమకొకటి, కుడికొకటి చొప్పున వేయండి. ఒకవైపే నాలుగైదు వేస్తే వెన్ను అరటిపండులా వంగిపోతుంది, ఆ వంకర మళ్లీ తీయలేం. ముక్కు దగ్గర పలకను సన్నగా చెక్కాలి, కానీ సగం వెడల్పుకు తగ్గనివ్వద్దు. అంతకన్నా సన్నమైతే మొన విరుగుతుంది.

అతకడానికి ఫెవికాల్ చాలు. సూపర్ గ్లూ ఈ తేమకు తెల్లగా బూజు పట్టినట్టు మచ్చ వేస్తుంది.