కరక్కాయ కడుపుల పడ్డంక ఏమైతదంటే

దేవరకొండ, అచ్చంపేట దిక్కు చానా ఇండ్లల్ల కరక్కాయ ముక్క ఉంటది, దగ్గొస్తే బుగ్గన పెట్టుకునుడు అందరికీ ఎరుకే. ఈ మధ్య అదే కరక్కాయ క్యాన్సర్ గడ్డను కరిగిస్తదని వాట్సాప్‌ల ఒకటే వీడియోలు, కింద "ల్యాబ్‌ల ప్రూవ్ అయింది" అని గూడ రాస్తున్నరు. పూర్తి అబద్ధమైతే తేలిగ్గ కొట్టిపారేద్దుము, గాని ల్యాబ్‌ల కొంత జరిగిన మాట నిజమే.

ప్లేట్ల పెంచిన క్యాన్సర్ సెల్స్ మీద మొక్క సారాన్ని డైరెక్టుగ పోస్తరు, సెల్స్ చస్తయి లేకపోతే పెరుగుడు ఆగుతది. మరి మనం మింగిన పొడి అట్లనే పోయి గడ్డకు తగులుతదా? తగలదు. కరక్కాయల, ఉసిరికాయల, దానిమ్మ తొక్కల ఉండే వగరంత టానిన్లదే, అండ్ల ఎల్లాజిటానిన్లు అనేటివి పెద్ద పెద్ద మాలిక్యూల్స్, పేగు గోడ దాటి రక్తంలకు పోలేవు. అవి విరిగి ఎల్లాజిక్ యాసిడ్ అయితది, అది గూడ సరిగ్గ ఒంటికి పట్టదు, ఇగ మిగిలిందంత పెద్ద పేగుకు చేరితే అక్కడుండే బ్యాక్టీరియా, గోర్డోనిబ్యాక్టర్ అసొంటివి, దాన్ని కొంచెం కొంచెం కొరికి యూరోలిథిన్లు అనే చిన్న మాలిక్యూల్స్ చేస్తయి. రక్తంలకు పోయేటివి ఇవి. పెద్దపేగు క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ సెల్స్ మీద ల్యాబ్‌ల యూరోలిథిన్-ఎ పనిచేసినట్టు కనపడ్డది గూడ. కాకపోతే రక్తంలకు రాంగనే మన పేగు గోడ, లివర్ కలిసి దానికి ఇంకో ముక్క తగిలిస్తయి, అట్ల తగిలించినంక పవర్ తగ్గుతది. అందుకే ఆశ ఏమన్న ఉంటే ఎక్కువ పెద్దపేగు కాడనే, ఎందుకంటే తయారయ్యేది అక్కడనే.

అసలు మజా ఏందంటే ఈ బ్యాక్టీరియా అందరి కడుపుల ఒక్కతీరు ఉండయి. కొందరికి యూరోలిథిన్-ఎ బాగ తయారైతది, కొందరికి వేరే రకాలు వస్తయి, కొందరికి మొత్తానికే రాదు, వాళ్లు బస్తాడు కరక్కాయలు తిన్నా అంతే. యాంటీబయాటిక్ కోర్సు వాడితే ఉన్న బ్యాక్టీరియా గూడ తగ్గొచ్చు. గిసొంటప్పుడు "మా మామకు పనిచేసింది, మీరు గూడ వాడుర్రి" అంటే ఏం చెప్తం చెప్పుర్రి.

ఇదేం వింత గాదు, సునాముఖి ఆకు తాగితే విరేచనం అయ్యేది గూడ ఇట్లనే, ఆకుల ఉండే సెన్నోసైడ్లను పేగుల బ్యాక్టీరియా విడగొడ్తేనే పని మొదలైతది. జిన్సెంగ్ అనే వేరు మందు గురించి చెప్పే కాంపౌండ్-కె అనే పదార్థం గూడ కడుపుల తయారయ్యేదే.

బ్యాక్టీరియా చేసేదంత మంచే అనుకోకుర్రి మళ్ల. ఖుబానీ గింజల్ల, చేదువాటిల ముఖ్యంగ, అమిగ్డాలిన్ ఉంటది, ఒకప్పుడు అమెరికాల దీన్నే క్యాన్సర్ మందు అని తెగ అమ్మిన్రు. నోట్ల ఏస్కుంటే పేగు బ్యాక్టీరియా దాన్ని కోసి సైనైడ్ బయటికి తెస్తది. 178 మంది పేషెంట్ల మీద చేసిన ట్రయల్ 1982ల వచ్చింది, రోగం తగ్గలే, కొందరి రక్తంల సైనైడ్ మాత్రం ప్రమాదం దాకా పెరిగింది.

బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చింది గద అంటరు కొందరు, వచ్చింది, గాని దాన్ని శుద్ధి చేసి లెక్కగట్టి నరంల ఎక్కిస్తరు, ఆకు దంచి తాగుడు వేరే ముచ్చట, అది విషం గూడ.

ఒక్కటి మాత్రం మా వాళ్లకు గట్టిగ చెప్తున్న: కీమో నడుస్తుంటే కషాయం ముచ్చట డాక్టర్ కాడ దాచకుర్రి. ఇరినోటెకాన్ అని ఒక కీమో మందుంటది, లివర్ దాన్ని పనిచేయకుండ కట్టేసి పేగులకు పంపిస్తే అక్కడి బ్యాక్టీరియా ఆ కట్టు ఇప్పుతది, అందుకే కొందరికి ఘోరంగ విరేచనాలు పడ్తయి. అసలే గట్లున్నోళ్లకు మనం మీదికెళ్లి సునాముఖి పోస్తే ఎట్ల?