రెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి రైలు

పుణెలోని కోత్రూడ్‌లో ఉన్న జోషి మినియేచర్ రైల్వే మ్యూజియంలో నేను మొదటిసారి తీసిన వీడియోలన్నీ కలిపితే 40 నిమిషాలు వచ్చాయి; వాటిలో మళ్లీ చూడదగినది 40 సెకన్లు కూడా లేదు. తప్పు పూర్తిగా నాది. మా అమ్మాయి కుటుంబం పుణెలో ఉంటుంది కాబట్టి ఏటా ఒకసారి పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లడం అలవాటు. అందువల్ల మరుసటి ఏడు ఆ తప్పులు దిద్దుకునే అవకాశం దొరికింది. ఈ రెండు ప్రయాణాల మధ్య పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చొని కాగితం మీద వేసుకున్న లెక్కలూ, రెండోసారి అవి ఎంతవరకు పనికొచ్చాయన్నదీ ఇక్కడ రాస్తున్నాను.

అందరూ భావు అని పిలుచుకున్న బి.ఎస్. జోషి తన చిరకాలపు అభిరుచిని 1998లో పదిమందికీ చూపించడానికి తెరిచిన ప్రదర్శనశాల అది. కొండలు, సొరంగాలు, వంతెనలు, వాటి నడుమ ఒక పట్టణం, వీటన్నిటినీ చుట్టుకొని తిరిగే రైళ్లు ఉంటాయి. ప్రదర్శన మధ్యలో గదిలో వెలుతురు తగ్గి, ఆ పట్టణంలో రాత్రి అవుతుంది. వీధి దీపాలు, పెట్టెల కిటికీలు వెలుగుతాయి. నమూనాలు హెచ్‌వో స్కేలువి, అంటే అసలు వస్తువులో 87వ వంతు. తక్కిన లెక్కలన్నీ ఈ 87 అనే అంకె చుట్టూనే తిరుగుతాయి.

చిన్న రైళ్ల మీద మా ఊరివాళ్లకు ఉండే మమకారానికి వేరే కారణం అక్కర్లేదు. కలకత్తా–మద్రాసు ప్రధాన మార్గం మీదున్న నౌపడ నుంచి పర్లాకిమిడికి మా రాజావారు వేయించిన రైలుమార్గం 1900లో మొదలైంది, తరువాత గుణుపురం వరకు సాగింది. రెండడుగుల ఆరంగుళాల గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం. 90 కిలోమీటర్ల దారి. బ్రాడ్‌గేజి వేయడానికి 2004 జూన్‌లో ఆ చిన్న బండిని ఆపేశారు. అప్పటికి నా దగ్గర కెమెరా లేదు. ముప్పై ఏళ్లకు పైగా రోజూ చూసిన బండి కదులుతున్న దృశ్యం ఒక్క నిమిషం కూడా నా దగ్గర లేకపోవడమే, ఈ వయసులో ఫోను పట్టుకొని బొమ్మ రైళ్ల వెంట పడటానికి అసలు కారణం. ఆ గేజి 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే తొమ్మిది మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ వస్తుంది. యూరప్‌లో నేరోగేజి నమూనాలు చేసేవారు ఇదే స్కేలులో తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు వాడతారు. మామూలు హెచ్‌వో పట్టాల వెడల్పు మాత్రం పదహారున్నర.

మొదటిసారి నేను చేసిన పెద్ద పొరపాటు నిలబడి తీయడం. లేఅవుట్ (నమూనా ఊరు, పట్టాలు పరిచిన బల్ల) అంచున నిలబడి ఛాతీ ఎత్తులో ఫోను పట్టుకుంటే, ఆ చిన్న ఊరికి మన ఫోను ఏ ముప్పై, నలభై మీటర్ల ఎత్తునో తేలుతున్నట్టే లెక్క. విమానం నుంచి చూస్తున్నట్టుంటుంది, ఏ రైలైనా బొమ్మలాగే కనిపిస్తుంది. పట్టాల పక్కన నిలబడ్డ మనిషి కన్ను నేలకు సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుందనుకుంటే, 87తో భాగిస్తే రెండు సెంటీమీటర్లు కూడా రాదు. లెన్సు ఉండవలసిన ఎత్తు అది. ఫోన్లలో లెన్సు పై అంచున ఉంటుంది కాబట్టి, మామూలుగా నిలబెడితే అది పది పన్నెండు సెంటీమీటర్ల కిందికి దిగదు.

దీనికి పరిష్కారం నా తొమ్మిదేళ్ల మనవడు చూపించాడు. బాల్కనీలో చీమల బారును వీడియో తీస్తూ వాడు ఫోనును తలకిందులుగా నేలకు ఆనించి పెట్టాడు. లెన్సు చీమల ఎదురుగా, దాదాపు నేలబారుగా ఉంది. “ఇలా అయితే చీమలు ఏనుగుల్లా వస్తాయి తాతా” అన్నాడు. రెండోసారి మ్యూజియంలో అంచు మీద ఫోను ఆనించుకోవడానికి అనుమతి అడిగి, అలాగే తలకిందులుగా పెట్టాను. ఫోను జారకుండా ఊరి నుంచి చోళ్లు (రాగులు) పోసి కుట్టించి తెచ్చిన అరచేతంత సంచి దాపు పెట్టాను. స్టాండ్ల కన్నా అదే మేలు, ఎలా నొక్కితే అలా ఒదుగుతుంది. పట్టాకు పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న లెన్సు, ఆ లోకంలో తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉన్నట్టు. ఇంజను ముందు భాగం తెర అంచు నుంచి లోపలికి వచ్చి, చక్రాలకు తోడుగా కడ్డీలు పైకీ కిందికీ ఆడుతూ కళ్లముందు నుంచి సాగిపోతుంటే, ప్లాట్‌ఫారం మీద ఒక అడుగు వెనక్కి వేయాలనిపించింది. ఇంత దగ్గరలో పెద్ద కెమెరాల కన్నా ఫోనే నయమని నా అభిప్రాయం: దానిలో వెలుగును పట్టి బొమ్మగా మార్చే సెన్సారు చిన్నది కాబట్టి ముందున్న పట్టా, వెనకున్న కొండ రెండూ చాలావరకు స్పష్టంగా వస్తాయి. పెద్ద సెన్సారుతో ఇంజను ముక్కు ఒక్కటే తేటగా కనిపించి మిగతాదంతా మసకబారితే, చూసేవారికి వెంటనే అది బొమ్మ అని తెలిసిపోతుంది.

ఎత్తు తరువాత వేగం. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు 19 సెంటీమీటర్లు వస్తుంది. అదే నమూనా సెకనుకు అర మీటరు పరుగెత్తిందంటే, గూడ్సు బండి అయినా సరే, 157 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు! పిల్లలకు ఆ పరుగే ఇష్టం, వారిని తప్పు పట్టను. లెక్క వేసుకోవడానికి నేనొక సులువు వాడతాను. మన రైళ్లలో చాలాకాలం తిరిగిన పాత నీలం పెట్టె పొడవు సుమారు 21 మీటర్లు. 60 వేగంలో అలాంటి పెట్టె ఒక స్తంభాన్ని దాటడానికి ఒకటింబావు సెకన్లు పడుతుంది. అసలు రైలుకైనా నమూనాకైనా ఆ సమయం మారదు. స్టేషనులో నిలబడి పెట్టెలు లెక్కపెట్టడం అలవాటైనవారికి గడియారం కూడా అక్కర్లేదు.

ప్రదర్శన వారి క్రమం ప్రకారం నడుస్తుంది. నా కోసం బండిని నెమ్మదించమనడం మర్యాద కాదు. అందుకే మొదటిసారి తెలివి ఉపయోగించాననుకొని, సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీశాను. ఇంటికి వచ్చి చూస్తే తెర నిండా చీకటి వెలుగుల చారలు పాకుతున్నాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దానితో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు కునుకుతాయి. కంటికి తెలియని ఆ కునుకు, సెకనులో 240వ వంతుకు మించి షట్టరు తెరుచుకోలేని స్లోమోషన్‌కు దొరికిపోతుంది. రెండోసారి షట్టరును సెకనులో 100వ వంతుకు, అంటే సరిగ్గా ఒక కునుకు కాలానికి బిగించి, సెకనుకు 60 ఫ్రేములతో తీసి, సగం వేగంతో చూశాను. చారలు లేవు, వంద మీద పోతున్న బండి యాభైకి వచ్చింది. ఫోకస్, ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) రెండింటినీ ముందే లాక్ చేయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. లేకపోతే ఇంజను దీపం లెన్సులోకి పడగానే ఫోను కంగారుపడి ఊరంతా చీకటి చేస్తుంది.

ఇంకొక చిక్కు మనుషులు. నేలబారున చూస్తే కొండ వెనక ఎర్ర చొక్కా వేసుకున్న రాక్షసుడొకడు అరటిపండు తింటూ కనిపిస్తాడు, అతను ఎదుటి వరుసలో కూర్చున్న సందర్శకుడు. గదిలో వెలుతురు తగ్గేవరకు ఆగడం కన్నా మంచి ఉపాయం నాకు దొరకలేదు. రాత్రి దృశ్యంలో మనుషులు చీకట్లో కలిసిపోతారు. కిటికీ దీపాలు తెల్లటి ముద్దలు కాకుండా ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గిస్తే చాలు. జర్మనీలో హాంబుర్గ్‌లోని మినియేటూర్ వుండర్‌లాండ్ అనే బొమ్మ రైళ్ల ప్రదర్శనశాలను 2016లో గూగుల్ వారు చిన్న బండ్ల మీద బుల్లి కెమెరాలు బిగించి వీధి వీధీ చిత్రీకరించారు. అలా బండి మీది నుంచి తీసిన దృశ్యంలో సందర్శకులు అడ్డురావడం తక్కువ కావచ్చు గాని, నాకు మాత్రం బండి ఎక్కడం కన్నా గట్టు మీద నిలబడి బండిని పోనివ్వడమే ఇష్టం.

అలా మిగిలిన దృశ్యం 38 సెకన్లు. దీపాలు వెలిగిన పెట్టెలు వంతెన దాటి, మలుపు తిరిగి, సొరంగంలోకి పోతాయి. తరువాత ఖాళీ పట్టాల మీద కాసేపు మోటారు సన్నటి రొద ఉండి ఆగిపోతుంది. దానికి వేరే శబ్దం అతికించలేదు. ఊరికి వచ్చాక మా అన్నయ్యకు చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకొని రెండుసార్లు చూసి, ఫోను తిరిగి ఇస్తూ అడిగాడు: “బండి సొరంగంలోకి ఎల్లేటప్పుడు కూత ఎయ్యలేదేట్రా?”