డ్యూకు గారి అరటిచెట్టు

ఇంగ్లండులో మేం ఉండే డెర్బీషైర్‌లో పెద్దవాళ్లు ఎదుటి మనిషిని ‘మీ డక్’ అని పిలుస్తారు. నా బాతూ అని. ముసలివాళ్లని చూసుకునే కేర్ హోంలో పనికి చేరిన మొదటి వారం ఒక ముసలావిడ నన్నలా పిలిస్తే తిడుతోందేమో అనుకున్నాను. ఇక్కడ తొంభై ఏళ్ల మనిషినైనా పేరు పెట్టే పిలవాలి, వాళ్లకి అదే మర్యాద. నాకు మాత్రం నోరు రాలేదు. ‘మామ్మగారూ’ అన్నాను. అదేదో ఇండియాలో పెద్ద బిరుదనుకుని ఆవిడ అలాగే ఉంచేసుకుంది.

పోయిన జూన్‌లో మా హోం వాళ్లు ఐదుగుర్ని మినీబస్సెక్కించి చాట్స్‌వర్త్ హౌస్‌కి తీసుకెళ్లారు. వరసగా మూడు నైట్ డ్యూటీలు చేసి, ఒక్కరోజు ఆఫ్ దొరికిందని నేను సంబరపడుతుంటే మేనేజర్ ఫోను. తోడు వెళ్లే కేరర్‌కి టిక్కెట్టు ఉండదు, జీతం ఉంటుంది అంది. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు. కాదనలేదు.

చాట్స్‌వర్త్ డెర్వెంట్ నది పక్కన ఉంటుంది. డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు. ఊరేమో డెర్బీషైర్, బిరుదేమో డెవన్‌షైర్. ఆ లెక్క నాకిప్పటికీ అర్థం కాలేదు. కావెండిష్ అన్నది వాళ్ల ఇంటిపేరు. 1549లో ఈ భూమి కొన్నారు. ఇప్పుడు కనిపించే ఇల్లు చాలావరకు 1687లో మొదటి డ్యూకు మొదలుపెట్టి ఇరవై ఏళ్లు కట్టించింది. కప్పు నిండా దేవతల బొమ్మలు, బంగారు పూత కిటికీలు. గది తర్వాత గది చూస్తూ పోతుంటే కాసేపటికి కళ్లు మొద్దుబారిపోయాయి.

ఒక్క చోట మాత్రం ఆగాను. సగం తెరిచిన తలుపులోంచి చూస్తే వెనక తలుపుకి మేకు, దానికి రిబ్బనుతో వేలాడుతున్న వయొలిన్. తీగల కింద నీడ కూడా పడుతోంది. ఎవరో వాయించి తగిలించేసి వెళ్లిపోయారనుకున్నాను. మామ్మగారు పకపకా నవ్వింది. అది బొమ్మ. మూడు వందల ఏళ్ల కిందట చెక్క మీద రంగులతో వేసిందట. చిన్నప్పుడు తనూ అలాగే మోసపోయానంది. వాళ్లమ్మ పెళ్లికి ముందు ఇక్కడ వంటింట్లో పని చేసేదట. ‘ఈ గదుల్లోకి ఎప్పుడైనా వచ్చేదా?’ అనడిగాను. ‘బొగ్గుల బకెట్టు పట్టుకుని వచ్చేది’ అంది.

తోటలోకి వెళ్లాక నా పని మొదలైంది. 105 ఎకరాల తోట, సగం ఎగుడు. కంకర దారిలో వీల్‌చైర్ నెట్టడం అంటే బురద చేలో సైకిలు తోలడమే. చక్రం ఇరుక్కున్నప్పుడల్లా ఆవిడ ‘హైదా మీ డక్’ అని ఉత్సాహపరిచేది. ‘హైదా’ నేను నేర్పిందే.

ఇంటి ముందు పొడుగాటి కొలను, దాని చివర ఒక ఫౌంటెన్. ఎంపరర్ ఫౌంటెన్ అంటారు. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడని 1844లో ఆరో డ్యూకు కట్టించాడు. పంపు లేదు, ఇంజను లేదు. పైన గుట్ట మీద ఎనిమిదెకరాల చెరువు తవ్వి, అక్కణ్ణుంచి పైపు దింపారు. ఆ వాలుకే నీళ్లు 296 అడుగులు ఎగిరాయట. గడువు దగ్గర పడిందని కూలీల చేత రాత్రుళ్లు కాగడాలు పెట్టి మరీ పని చేయించారు. చక్రవర్తి రాలేదు. ఆ రోజు గాలి ఉందని మాకు సగం ఎత్తుకే వదిలారు.

1844 అనగానే నాకు ధవళేశ్వరం గుర్తొచ్చింది. మాది రావులపాలెం పక్క పల్లె, కాటన్ దొర పేరు వినకుండా ఎవరూ పెరగరు. కరువుతో మాడిన డెల్టాకి ఆనకట్ట కావాలని ఆయన రిపోర్టు రాసిందీ ఆ ఏడాదే. పని మొదలవడానికి 1847 అయింది. ఇక్కడ రాని చుట్టానికి చెరువు మాత్రం ఆరు నెలల్లో తవ్వేశారు.

ఫౌంటెన్ లెక్కలు కట్టింది జోసెఫ్ పాక్స్‌టన్. నాకు నచ్చిన మనిషి. 1826లో ఇరవై రెండేళ్లకి ఇక్కడ హెడ్ గార్డెనర్‌గా ఉద్యోగం వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకి దిగితే ఎవరూ లేవలేదు. గోడ దూకి లోపలికెళ్లి, తోటంతా తిరిగి, ఆరింటికి పనివాళ్లని పనిలో పెట్టి, తర్వాత టిఫినుకి కూర్చున్నాడట. అక్కడ కనబడిన అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. కొత్త ఉద్యోగంలో నా మొదటి రోజు ఫైర్ సేఫ్టీ వీడియోలు చూడటంతో గడిచింది.

ఆ పాక్స్‌టనే ఇక్కడ ఒక అద్దాల మేడ కట్టాడు. 277 అడుగుల పొడవు, 123 అడుగుల వెడల్పు. 1843లో విక్టోరియా రాణి గుర్రపు బండి దిగకుండానే దాని మధ్యలోంచి వెళ్లింది. లోపల ఉష్ణదేశాల చెట్లు. వాటికి చలి తగలకుండా నేల కింద ఎనిమిది బాయిలర్లు, ఏడు మైళ్ల వేడినీళ్ల పైపులు. బొగ్గు మోసుకెళ్లే బండ్లు దొరల కంట పడకూడదని సొరంగం తవ్వారు, పొగగొట్టాన్ని దూరంగా చెట్లలో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరక్క చెట్లన్నీ చచ్చిపోయాయి. 1920లో మేడని పేల్చేశారు. ఆ చోట 1962లో వేసిన చెట్ల చిక్కుదారి ఉంది. మామ్మగారిని అందులోకి తీసుకెళ్లే ధైర్యం చేయలేదు. బయట నిలబడి, రాత్రి రెండింటికి బాయిలర్‌లో పార తోసేవాడి గురించి ఆలోచించాను. రెండింటికి నేను మంచం పట్టిన వాళ్లని పక్కకి తిప్పుతుంటాను. పొద్దున్న చుట్టాలొచ్చేసరికి అంతా శుభ్రంగా ఉంటుంది.

తిరుగు దారిలో ఒక గ్రీన్‌హౌస్. అద్దంలోంచి చూద్దును కదా, అరటిచెట్టు! పొట్టిగా, లావుగా, ఆకు కాడ దగ్గర ఎర్రజీర. మా ఊళ్లో ఏ గట్టు మీద కనబడినా రెండోసారి చూడను. అక్కడ మాత్రం వీల్‌చైర్ బ్రేకు వేసి నిలబడిపోయాను.

చైనా రకం. మారిషస్ మీదుగా ఇంగ్లండు చేరితే పాక్స్‌టన్ ఒక మొక్క సంపాదించి ఇక్కడ పెంచాడు. 1835 నవంబరులో పువ్వేసింది, మరుసటి ఏడాది వేసవికి గెల పండింది. పాక్స్‌టన్‌కి మెడల్ వచ్చింది, చెట్టుకి డ్యూకు ఇంటిపేరు వచ్చింది. ఇక్కణ్ణుంచి పిలకలు మిషనరీలతో పసిఫిక్ దీవులకి వెళ్లాయి. ఇప్పుడు దేశాలు దాటే అరటిపండు దాదాపు అంతా కావెండిషే. మనం పెద్ద పచ్చరటి అనేదీ, తాడిపత్రి నుంచి రైల్లో రేవుకెళ్లి గల్ఫ్ చేరే జి-నైనూ అన్నీ ఆ కుటుంబమే. నాన్న కూడా ఒక ఏడాది కర్పూరం అరటి మానేసి రెండెకరాల్లో జి-నైన్ వేశాడు. గెలలు దింపడానికి వారం ఉందనగా ఈదురుగాలికి చేను పడుకుండిపోయింది. నేను పాస్‌పోర్టుకి అప్లై చేసింది ఆ తర్వాతే.

‘ఏమైంది, అలా నిలబడ్డావ్?’ అంది మామ్మగారు. మా చెట్టు అన్నాను. ‘కాదు మీ డక్, అది డ్యూకుది’ అంది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. దొర ఇంటిపేరు, మెడల్, బాయిలర్లు, అన్నీ. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు.

‘సరే గానీ ఒరే, అక్కడ కాయ ఎంతకిస్తున్నార్రా?’

ఒక్కోటి మన డబ్బుల్లో పదిహేను, ఇరవై రూపాయలుంటుందన్నాను.

‘బాయిలర్ ఖర్చు కూడా కలిపేనా?’ అన్నాడు.