పాత సామానుతో మా ఎమ్మెమ్ 540ని రోడ్డెక్కించిన వైనం

సత్తెనపల్లి పక్క మా పొలాలన్నీ నల్లరేగడి. గట్టి వాన ఒక్కటి పడిందంటే డొంకలో బైకు నడవదు. చక్రానికి పట్టిన మట్టి మడ్‌గార్డు కింద బిగుసుకుని బండి ఉన్నచోటే నిలబడిపోతుంది. ట్రాక్టరు తీద్దామంటే అది ఎక్కడో దుక్కిలో ఉంటుంది, లేదా డ్రైవరు ఊళ్ళో ఉండడు. మిరపకు మందు కొట్టాల్సిన రోజుల్లోనే ఈ గొడవంతా. ఫోర్ వీల్ జీపు ఒకటి ఉంటే బాగుండునని చాలాకాలం అనుకుని, చివరికి ఒక రైస్ మిల్లు వెనక ఏళ్ళ తరబడి వానకు తడిసి ఎండకు ఎండిన 1994 మోడల్ మహీంద్రా ఎమ్మెమ్ 540 తెచ్చుకున్నాను. నడుపుకుంటూ కాదు, ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించుకుని. "ఇనుము కొన్నావా, బండి కొన్నావా బావా?" అన్నాడు మా బావమరిది. ధర చూస్తే వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఈ జీపుల్లో ఒక సుగుణం ఉంది. మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇంజిన్లు మారాయి, బాడీలు మారాయి. మా దాంట్లో ఉన్నది 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్. కింది సామాను మాత్రం, అంటే హౌసింగులు (ఇరుసునూ, దాని గేర్లనూ మోసే ఇనుప తొడుగులు), ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేరు పెట్టె), స్టీరింగ్ భాగాలు, చాలాకాలం ఆ అమెరికా జీపుల వరసలోనే వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధపు జీపులో వాడిన స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు వంశమే మా బండి కింద కూడా ఉంది. అందుకని సామానుకు కరువు లేదు. మిలటరీ వేలంలో పోయిన జీపులవి, విప్పేసిన టాక్సీలవి విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట ఉంది, ఇంకా కావాలంటే జీపులు కట్టడానికి పేరుపడ్డ హర్యానాలోని మండీ డబ్వాలీ ఉంది. దొరికింది మన బండికి సరిపడుతుందా అన్నదగ్గరే అసలు కథ మొదలవుతుంది.

స్పానరు పట్టుకునే ముందు కాగితాలు చూసుకున్నాను. ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద కొట్టిన వాటితో అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. కలవకపోతే ఆ ట్రక్కులోనే వెనక్కి పంపేవాణ్ణి. తెలిసినవాళ్ళందరూ ఇచ్చిన సలహా మాత్రం ఒకటే: "ఆ ముసలి ఇంజిన్ ఎందుకు, బొలేరో ఇంజిన్ దించెయ్." దించడం మెకానిక్‌కి పెద్ద పని కాదు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. పైగా విప్పేసిన ఇంజిన్ ఏ బండిదో, దాని కాగితాలు ఎక్కడున్నాయో ఆరా తీయకుండా కొంటే, రేపు అది దొంగబండిదని తేలితే స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మనమే. అందుకే ఉన్న ఇంజిన్నే విప్పించి, హెడ్డు లెవెల్ చేయించి, వాల్వులు గ్రైండింగ్ పట్టించి, రింగులు, హీటర్ ప్లగ్గులు కొత్తవి వేయించాను. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. బుద్ధిగా స్టార్టయింది.

పనంతా చేసింది ఆటోనగర్‌లో ఒక పెద్దాయన. వీధి మొత్తం ఆయన్ని భాయ్ అనే పిలుస్తుంది, నేనూ అంతే. ఆయన మొదటిరోజే ఒక గీత గీశారు. "బాబూ, స్టీలు సామాను పాతది తెచ్చుకో, నేను చూసి చెప్తా. రబ్బరు, బేరింగు, బ్రేకు సామాను మాత్రం పాతది నా షాపులోకి తేవద్దు." ఈ ఒక్కమాట వల్ల సగం టెన్షన్ పోయింది. హౌసింగు, గేర్లు, షాఫ్టులు, బ్రాకెట్లు పాత కొట్లలో వెతికాను. సీళ్ళు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండరు, హోస్ పైపులు, బేరింగులు సీలు విప్పని డబ్బాల్లోంచే వచ్చాయి. బిల్లు చూస్తే కొత్త సామానుకే ఎక్కువైంది. చవకలో పాత జీపు కట్టొచ్చని ఎవరైనా చెప్తే ఈ లెక్క అడగండి.

పాత కొట్టులో ఏది కొనాలన్నా ముందు ఆయిల్ ప్లగ్గు విప్పించి చూస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో అందరికీ తెలుసు. మునిగిన డిఫరెన్షియల్‌ని, అంటే హౌసింగు మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల గుంపుని, పైన ఎంత కడిగినా, ఎంత రంగేసినా లోపలి ఆయిల్ పాల టీలా ఉంటుంది. కొట్టువాడు "అంతా క్లీన్ చేసేశాం సార్, ఆయిల్ లేదు" అన్నాడంటే ఇంకా అనుమానం. అప్పుడు ప్లగ్గు రంధ్రంలో వేలు పెట్టి తుడిచి చూడాలి. వేలికి సన్నటి నలుసు అంటుకుంటే సరే, అరుగుదల అంటారు. గోటికి తగిలేంత రేకుముక్క వచ్చిందా, దండం పెట్టి వచ్చేయడమే.

మా బండిలో ఎక్కువ పని పట్టింది ముందు హౌసింగు దగ్గర. దాని రెండు చివర్లా గుండ్రటి గుండు ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఆ గుండు చుట్టూనే తిరుగుతుంది, దాన్ని రాసుకుంటూ ఒక ఫెల్టు సీలు ఉంటుంది. వానకు తుప్పుపట్టి మా గుండ్ల మీద గుంటలు పడ్డాయి. అలాంటి గుండు మీద కొత్త ఫెల్టు వేసినా నాలుగు మలుపుల్లో కోసుకుపోయి గ్రీజంతా బయటకు కక్కేస్తుంది, లోపలికి బురద పోతుంది. గుండు విడిగా మార్చే సామాను కాదు, హౌసింగ్‌తో పాటే ఉంటుంది. కాబట్టి ఇంకో హౌసింగు కావాలి.

దొరికింది. గుండ్లు నున్నగా, గోరు ఎక్కడా తగలకుండా ఉన్నాయి. "సేమ్ టు సేమ్ సార్, ఎత్తుకెళ్ళి బిగించుకోండి" అన్నాడు కొట్టువాడు. భాయ్ ఏమీ మాట్లాడకుండా జేబులోంచి చాక్‌పీసు తీశారు. ఒక వైపు హబ్బుని (చక్రం బిగించే భాగాన్ని) నన్ను గట్టిగా పట్టుకోమని, రెండోవైపు హబ్బు మీద గీత పెట్టి సరిగ్గా రెండు చుట్లు తిప్పారు. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు తగిలించే ఫ్లాంజి మీద ఇంకో గీత. అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఒక పక్క కదలకుండా ఉంటే రెండో చక్రం రెండు చుట్లకు లోపలి పెద్ద పళ్ళ చక్రం, అంటే క్రౌను, ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి, ఫ్లాంజి తిరిగిన చుట్లే ఆ హౌసింగు రేషియో. మా బండి వెనక హౌసింగులో పినియన్‌కు (క్రౌనుని తిప్పే చిన్న పళ్ళ చక్రానికి) 8 పళ్ళు, క్రౌనుకు 39. అంటే గీత ఐదు చుట్లకు కాస్త ముందే ఆగాలి. ఇక్కడ ఐదు దాటి ఇంకా ముందుకు పోయింది. భాయ్ చాక్‌పీసు జేబులో వేసుకుని "ఇది పెట్రోలు జీపుది, ఎనిమిది - నలభైమూడు" అన్నారు.

దీంట్లో ఏముంది అనుకునేవాళ్ళ కోసం. ఈ జీపుల్లో ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి కట్టేసినట్టే, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. వెనక 39 పళ్ళ క్రౌను, ముందు 43 పళ్ళది ఉంటే ముందు చక్రాలు వెనకవాటికంటే సుమారు 9 శాతం నెమ్మదిగా తిరగాలని చూస్తాయి. నేల ఒప్పుకోదు. బురదలోనైతే టైరు జారి సరిపెట్టుకుంటుంది గానీ, గట్టినేల మీద ఆ ఒత్తిడంతా గేర్ల మీదా, షాఫ్టుల కీళ్ళలో ఉండే క్రాసుల మీదా పడి బలహీనమైనది ఏదో ఒకటి విరుగుతుంది. టూ వీల్‌లో నడిపినంతసేపూ ఏ తేడా తెలియదు. అవసరం పడి ఫోర్ వీల్ వేసినరోజే బయటపడుతుంది.

హౌసింగు వదులుకోలేదు. గుండ్లు బాగున్నాయి, మా పాత హౌసింగులోని క్రౌను, పినియన్ బాగున్నాయి. ఇందులోవి తీసి అందులో పెడితే సరి. చెప్పినంత తేలిక కాదు. క్రౌను, పినియన్ ఫ్యాక్టరీలో జోడీగా తయారైనవి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది, వాటిని విడదీయకూడదు. జోడీ అదే అయినా హౌసింగు మారితే పినియన్ ఎంత లోపలికి కూర్చోవాలో మళ్ళీ షిమ్ములతో, అంటే పల్చటి రేకులతో, సరిచేయాలి. భాయ్ సింధూరం పొట్లం విప్పి, రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్‌తో కలిపి, క్రౌను పళ్ళకు వేలితో పూసి తిప్పారు. పినియన్ రాసుకున్నచోట రంగు చెరిగి మచ్చ పడుతుంది. మచ్చ పంటి కొసన ఉంటే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదట్లో ఉంటే మరీ దగ్గరికి పోయినట్టు. మధ్యలో పడేదాకా విప్పడం, పల్చటి షిమ్ము ఒకటి మార్చడం, బిగించడం, మళ్ళీ సింధూరం. మచ్చ ఎక్కడ పడిందో చూడటానికి చుట్టుపక్కల షాపుల కుర్రాళ్ళందరూ చేరేవాళ్ళు, తలా ఒక తీర్పు చెప్పేవాళ్ళు.

పాత జీపులకు స్టీరింగ్ గజగజా ఆడే జబ్బు ఒకటి ఉంటుంది. స్పీడు నలభై దాటగానే ఏదో గుంతలో పడితే మొదలవుతుంది, బండి దాదాపు ఆపితే తప్ప తగ్గదు. దీనికి స్టీరింగ్ డాంపర్ వేసి పంపేస్తారు చాలామంది. డాంపర్ ఆ ఊపుని దాచిపెడుతుందంతే, జబ్బు ఎక్కువసార్లు కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు తిరిగే కీలు) బేరింగుల వదులులో ఉంటుంది. మేము బేరింగులు కొత్తవి వేసి, ఫెల్టు బిగించకముందే స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూశాం. పాత విల్లీస్ మాన్యువల్‌లో 12 నుంచి 16 పౌండ్ల లాగుడు ఉండాలని ఉంది, అంటే దాదాపు ఐదున్నర నుంచి ఏడు కిలోలు. అంతకు తక్కువుంటే ఒక షిమ్ము తీయాలి, ఎక్కువుంటే కలపాలి. భాయ్ చేత్తో తిప్పి "చాలు" అన్నారు, త్రాసు కూడా దాదాపు అదే చెప్పింది. ఆయన చెయ్యి చూసి నాకు త్రాసు మీద నమ్మకం కుదిరింది.

ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్లు బాగున్నాయి, లోపలి ఇంటర్మీడియట్ షాఫ్టు మాత్రం అరిగి గాడి పడింది. ఇక్కడ ఇంకో చిక్కు. స్పైసర్ 18లో ఈ షాఫ్టు కాలాన్ని బట్టి మూడు లావుల్లో వచ్చింది: ముప్పావు అంగుళం, అంగుళం మీద ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు), ఒకటింబావు అంగుళం. పైకి కేసు చూస్తే ఒకేలా ఉంటుంది. లావు కొలిచే వెర్నియర్ పట్టుకెళ్ళకపోతే పాత కొట్టులో చేతికిచ్చిందే మనదనుకుని ఇంటికి తెచ్చుకుంటాం.

ఎత్తు పెంచమని మా ఊరి కుర్రాళ్ళు చాలా పోరారు. కమాను కట్టల్ని చాసిస్‌కు పట్టి ఉంచే షెకిళ్ళు పొడుగువి వేస్తే బండి లేస్తుంది, నిజమే. దాంతోపాటు కాస్టర్ కోణం (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) మారి స్టీరింగ్ రోడ్డు మీద నిలవదు. కమాను కట్టలు విప్పించి, విరిగిన ఆకు మార్పించి, వంపు సరిచేయించి, బుష్షులు కొత్తవి వేస్తే పోయిన ఎత్తు దానంతటదే తిరిగొచ్చింది. వెడల్పు టైర్ల విషయంలోనూ అంతే. ఇసుకలో వెడల్పు టైరు మంచిదే. నల్లరేగడిలో పైన జారుడు మట్టి, కింద గట్టినేల. 6.00-16 లాంటి సన్న టైరు ఆ మట్టిని కోసుకుని కిందికి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది, వెడల్పుది పైనే తేలి జారుతుంది. కాబట్టి సన్నవే, నాలుగూ ఒకే అరుగుదల ఉన్నవే వేశాను. సోకు కోసం చేసింది ఒక్కటే, పాత మారుతి 800 ముందు సీట్లు బిగించుకోవడం. అసలు సీట్ల మీద గంటసేపు కూర్చున్నవాడికి అది సోకు కాదని తెలుస్తుంది.

చాసిస్ మీద వెనక కట్ట హ్యాంగర్ దగ్గర ఒకచోట తుప్పు తినేసింది. వెల్డరు నలుచదరపు ముక్క కోసి పెట్టబోతే భాయ్ ఆపి, రెండు కొసలూ ఏటవాలుగా ఉండేలా ప్లేటు కోయించారు. నిలువుగా వెల్డింగు పడితే ఆ గీత వెంబడే రేపు పగులు వస్తుందట. ఆ పని జరిగినంతసేపూ చాసిస్ నంబరు ఉన్న చోటుకు వెల్డింగు గానీ, గ్రైండరు గానీ దరిదాపుల్లోకి రాకుండా నేనే కాపలా ఉన్నాను.

చివరికి బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి. పదిహేనేళ్ళు దాటిన కారు, జీపు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000కి పెంచారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. చాసిస్ నంబరు మీద కాగితం అద్ది పెన్సిల్‌తో రుద్దితే ముద్ర వస్తుంది, అది ఫారానికి అంటించాలి. తుప్పు గీకి, కిరోసిన్‌తో తుడిచి ఉంచాను కాబట్టి ప్రతి అంకె స్పష్టంగా పడింది. ఆయన బానెట్ ఎత్తించి ఇంజిన్ నంబరు చదివి, "ఒరిజినల్ ఇంజినే ఉంచారే!" అని నా వంక చూశారు. లైట్లు, హారను, బ్రేకు చూసి ఐదేళ్ళకు రెన్యువల్ చేశారు.

వానల్లో డొంక దాటుతోంది, లో గేరులో అయితే యాక్సిలరేటరు మీద కాలు పెట్టే పనే ఉండదు. ఒకటే లోటు. ముందు హబ్బుల్లో చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీసే ఫ్రీ వీల్ తాళాలు లేవు. ఫోర్ వీల్ అక్కర్లేని రోడ్డు మీద కూడా ముందు షాఫ్టులన్నీ ఊరికే తిరుగుతూ అరుగుతున్నాయి. పుదుపేటలో ఒక కొట్టువాడి దగ్గర జత ఉందని తెలిసి ఫోన్ చేశాను. "సేమ్ టు సేమ్ సార్" అన్నాడు వాడు కూడా. మా ముందు షాఫ్టుకు బయటి కొసన పది గాడులు. హబ్బు మూత తీసి లోపలి గాడులు కనబడేలా ఫొటో పెట్టమన్నాను, పది ఉంటేనే డబ్బులు వేస్తానని కూడా చెప్పాను.