ప్యాకెట్ వెనకాల చదవడం నేర్చుకున్నా (నా అనుభవం)

పోయిన అక్టోబర్‌లో ఆఫీసు హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ అనే షుగర్ టెస్ట్ 6.2 వచ్చింది. డాక్టర్ గారు "బోర్డర్‌లో ఉన్నారు, 6.5 వస్తే షుగర్ అనే అంటాం, మూడు నెలలు తిండి చూసుకుని మళ్ళీ చేయించండి" అని ఒక డైట్ పేపర్ చేతిలో పెట్టి పంపేశారు. ఫాస్టింగ్ షుగర్ ఆ పూట సంగతి చెప్తుంది, ఇదేమో రెండు మూడు నెలల సగటు, కాబట్టి ముందు రోజు కడుపు మాడ్చుకుని మేనేజ్ చేద్దామంటే కుదరదు.

ఆ పేపర్ నిండా ఫైబర్, లో జీఐ, కాంప్లెక్స్ కార్బ్స్, సోడియం. సగం అర్థం కాలేదు కానీ డాక్టర్‌ని అడగడానికి మొహమాటం. సూపర్ మార్కెట్‌కి వెళ్ళి ముందు వైపు గోధుమ కంకుల బొమ్మ ఉన్న బిస్కెట్లు, "నో యాడెడ్ షుగర్" అని రాసున్న హెల్త్ మిక్స్ తెచ్చేసుకున్నా. టీతో పూటకి ఆరు బిస్కెట్లు, హెల్దీ కదా అని.

రెండు వారాలయ్యాక మా ఆవిడ బిస్కెట్ ప్యాకెట్ తిప్పి, ఫోన్‌లో జూమ్ చేసి చూసి, "ఏమండీ, ఇందులో మొట్టమొదట ఉన్నది మైదానే కదా" అంది. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అని ఉంది, అది మైదాకి ఇంకో పేరు. ఇంగ్రీడియంట్స్ బరువు ప్రకారం రాస్తారట, ఎక్కువ ఉన్నది ముందు. హెల్త్ మిక్స్‌లో రెండోది మాల్టోడెక్స్‌ట్రిన్. లెక్కలో చక్కెర కాదు గానీ పిండి పదార్థం నుంచి తీసిందే, రక్తంలోకి దాదాపు గ్లూకోజ్ అంత స్పీడుగా ఎక్కుతుంది. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో లేబుల్ చదవమని ప్రత్యేకంగా ఒకటి ఉంది, ఆ గేటు ముందు నుంచి నేను ఎన్నేళ్ళు బస్సులో తిరిగానో.

జీఐ అంటే గ్లైసీమిక్ ఇండెక్స్, గ్లూకోజ్‌ని 100 అనుకుంటే తిన్నది షుగర్‌ని ఎంత పెంచుతుందనే లెక్క, 55 లోపు తక్కువ, 70 దాటితే ఎక్కువ. ఇది తెలియగానే తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) బియ్యం తెచ్చా, జీఐ తక్కువని పేరుంది కదా అని ఇంకాస్త ఎక్కువే పెట్టుకున్నా! అక్కడ దెబ్బతిన్నా. జీఐ ఎంత తక్కువున్నా కంచంలో ఎంత పెట్టుకున్నామన్నది కూడా కలిపి చూడాలి, ఆ లెక్కని గ్లైసీమిక్ లోడ్ అంటారు. ఓ రోజు కిచెన్ వేయింగ్ మెషిన్ మీద కంచం పెట్టి మామూలుగా వడ్డించుకున్నా, అన్నమే 420 గ్రాములు. 100 గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా కార్బ్స్ (పిండి పదార్థాలు), అంటే ఒక్క పూటకే దాదాపు 118. ఆ అంకె చూసి కాసేపు కూర చల్లారేదాకా అలాగే కూర్చున్నా.

ఇప్పుడు అన్నం 180, మిగతా చోటు గోరుచిక్కుడో, బెండకాయో, ముద్దపప్పో. ఫైబర్ (పీచు) ఉంటే షుగర్ నిదానంగా ఎక్కుతుంది, నాలుగింటికి ఆకలేయడం కూడా తగ్గింది. మొదటి వారం గ్యాస్ పట్టేసింది, ఫైబర్ ఒకేసారి పెంచకూడదు, నీళ్ళు బాగా తాగాలి అని ఎవరూ చెప్పలేదు.

సోడియం దగ్గర మాత్రం అమ్మతో గొడవైంది. రోజుకి 2000 మిల్లీగ్రాములు లిమిట్, అంటే 5 గ్రాముల ఉప్పు, ఒక టీస్పూన్ అంతే, అందులోనే కూర, పప్పు, పచ్చడి అన్నీ. ఈ లెక్క చెప్తే "ఉప్పు తగ్గిస్తే ఆవకాయ బూజు పట్టదూ? నువ్వు ముక్క తగ్గించుకో, నా జాడీ జోలికి రాకు" అంది. నిజమే, జాడీది తప్పేముంది. రోజూ రెండు పూటలా వేసుకునేవాణ్ణి, ఇప్పుడు ఒక పూట ఒక ముక్క.

జనవరి నెలాఖరులో టెస్ట్ చేయిస్తే 5.8. 5.7 లోపుంటేనే నార్మల్, ఇంకా దాని కిందకి రాలేదు. ఆ మూడు నెలల్లోనే సంక్రాంతి కూడా పడింది మరి, అరిసెలకి లేబుల్ ఉండదు. మళ్ళీ ఏప్రిల్‌లో చేయించాలి.