మా పిల్ల వద్దన్న బ్లాక్ బెల్టు

"ఆ బెల్టు కట్టుకుంటే ఎదుటివాళ్లు నా మోకాలు పట్టుకోవచ్చు తాతా" అని మా అమ్మాయి అనేసరికి స్టేజీ మీద ఉన్నవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. తిరుపతిలో మా నాన్న స్నేహితుడొకాయన కరాటే క్లాసు నడుపుతారు. వార్షికోత్సవానికి అమెరికా మనవరాలిని పిలిచి, శాలువా కప్పి, బంగారు దారంతో పేరు కుట్టించిన బ్లాక్ బెల్టు నడుముకు కట్టి ఫొటో తీయించాలని ఆయన ముచ్చట. అమెరికాలో బ్రెజిలియన్ జియుజిట్సు (నేల మీద పట్లతో లొంగదీసే కుస్తీ లాంటి విద్య) నేర్చుకుంటున్న పదకొండేళ్ల పిల్ల శాలువా కప్పించుకుంది, జ్ఞాపిక తీసుకుంది, బెల్టు మాత్రం వద్దంది. "ఫొటోకే కదమ్మా" అని అందరికంటే ముందు అన్నది నేనే. ఇంటికొచ్చినాక మా అమ్మ, "పెద్దాయన ప్రేమగా ఇస్తా ఉంటే వద్దంటారా ఎవురన్నా? ఏం పెంపకమే ఇది" అని నన్ను తగులుకుంది.

కొందరు వినయమన్నారు, కొందరు పొగరన్నారు. పిల్ల చెప్పింది మాత్రం ఉత్త నిబంధన.

బ్రెజిలియన్ జియుజిట్సులో బెల్టు రంగు ఎదుటి మనిషి కోసం. పోటీల్లో వయసు, బరువుతో పాటు బెల్టు చూసి జోడీలు వేస్తారు. ఏ పట్టు చెల్లుతుందో, ఏది చెల్లదో కూడా వయసు, బెల్టు చూసే తేలుస్తారు. ఎక్కువ పోటీలు నడిచే ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియుజిట్సు సమాఖ్య) నియమాల్లో పదహారు లోపు పిలకాయలకు చీలమండ దగ్గర పట్టే మామూలు ఫుట్ లాక్ కూడా నిషేధం. పన్నెండు దాటని వాళ్లకు ముందు నుంచి మెడ బిగించే గిలటిన్ లేదు. మోకాలిని దాని మడతకు ఎదురు దిక్కులో చాచే నీబార్, పాదం మెలిపెట్టే టో హోల్డ్ పెద్దవాళ్లలో బ్రౌన్, బ్లాక్ బెల్టులకే. మడమ పట్టి తిప్పే హీల్ హుక్ గీ (సాధనకు వేసుకునే మందపాటి దుస్తులు) తొడిగిన పోటీల్లో ఎవరికీ లేదు. గీ లేని పోటీల్లో 2021 నుంచి బ్రౌన్, బ్లాక్ పెద్దలకు అనుమతించారు. దాన్ని అంతకాలం ఆపింది ఊరికే కాదు. చేతి లాక్‌లో నొప్పి ముందు వస్తుంది, ట్యాప్ చేసే (ఓడానని చేత్తో తట్టి చెప్పే) వ్యవధి ఉంటుంది. హీల్ హుక్‌లో నొప్పి గట్టిగా తెలిసేలోపే మోకాలి లిగమెంటు తెగిపోవచ్చు.

క్లాసులో కూడా ఇదే లెక్క. కొత్త జిమ్‌కు పోయినవాళ్ల నడుము వైపు చూసే ఎదుటివాడు ఎంత వేగంగా రావాలో, ఎంత బరువు వేయాలో నిర్ణయించుకుంటాడు. రంగు అబద్ధమైతే ముందు దెబ్బ తగిలేది పరువుకు కాదు, కీళ్లకు.

పిలకాయల బెల్టులు వేరు. తెలుపు తర్వాత నాలుగేళ్ల నుంచి గ్రే, ఏడు నుంచి పసుపు, పది నుంచి నారింజ, పదమూడు నుంచి ఆకుపచ్చ. ఒక్కో రంగులో మూడు మెట్లు: నడిమధ్య తెల్ల గీత ఉన్నది, గీత లేనిది, నల్ల గీత ఉన్నది. పదహారు నిండినాకే పెద్దల బ్లూ. ఆ తర్వాత బ్లూలో కనీసం రెండేళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది, బ్లాక్‌కు కనీస వయసు 19. ఇవన్నీ కనీసాలు. మామూలుగా సాధన చేసేవాళ్లకు తెలుపు నుంచి బ్లాక్‌కు పదేళ్ల పైచిలుకే పడుతుంది. మా మేనల్లుడు పన్నెండేళ్లకే కరాటే బ్లాక్ బెల్టు. వాడిది దొంగ బెల్టు కానే కాదు. కరాటే, జూడోలలో ఆ రంగు అంటే మూలపాఠాలు చేతికొచ్చాయని. జూడో పుట్టిన కొడొకాన్‌లో పద్నాలుగేళ్లకే మొదటి డాన్ (బ్లాక్ బెల్టులో మొదటి మెట్టు) ఇస్తారు. "వాడికొచ్చింది, నీకెప్పుడు?" అని అడిగే తాతలకు ఈ ఒక్క సంగతి చెప్తే సగం గొడవ తీరుతుంది. మా నాన్నకు చెప్పాను. మళ్లా అడిగినాడు.

ఇక గౌరవ బెల్టుల సంగతి. ఎక్కువగా కనబడేది తైక్వాండోలో. జూడో మనిషైన పుతిన్‌కు 2013లో ప్రపంచ తైక్వాండో సమాఖ్య గౌరవ తొమ్మిదో డాన్ ఇచ్చింది, 2022లో ఉక్రెయిన్ మీద దాడి మొదలైనాక వెనక్కి తీసుకుంది. 2021లో ట్రంప్‌కు తైక్వాండో కేంద్ర సంస్థ కుక్కివాన్ ఇచ్చిందీ అదే మెట్టు. జియుజిట్సులో ఇలాంటివి అరుదు. పెద్ద జబ్బు చేసిన సాధకుడికో, చనిపోయిన వాడి కుటుంబానికో గురువు తన మనసు కొద్దీ ఇచ్చేవి ఉంటాయి, వాటిని ఎవరూ తప్పుపట్టరు. ఎందుకంటే ఆ బెల్టు మ్యాట్ మీదికి రాదు. గౌరవ బెల్టు పుచ్చుకున్నాయన పోటీకి దిగకూడదు, దాని పేరుతో పాఠం చెప్పకూడదు, ఇంకొకరికి బెల్టు కట్టకూడదు. ఈ మూడో కట్టుబాటు మీరితే నష్టం ఎక్కువ. జియుజిట్సులో చాలాచోట్ల ప్రత్యేక పరీక్ష ఉండదు, గురువు రోజూ చూసి ఇస్తాడు, కాబట్టి ఆధారమంతా ఎవరి చేతి నుంచి వచ్చిందన్నదే. జపాన్ నుంచి బ్రెజిల్ పోయిన మయేడా, ఆయన దగ్గర నేర్చిన కార్లోస్ గ్రేసీ లాంటివాళ్లు, అక్కడి నుంచి కిందికి తన వరస చెప్పలేని గురువును అనుమానించాల్సిందే. ఐబీజేజేఎఫ్ లెక్కలో బ్లాక్ ఇవ్వాలంటే ఇచ్చేవాడు కనీసం రెండో డిగ్రీ (బ్లాక్ వచ్చినాక ఎక్కే మెట్లలో రెండోది) బ్లాక్ బెల్టై ఉండాలి.

సినిమావాళ్లకు ఊరికే ఇచ్చేస్తారన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. నటుడు ఎడ్ ఓనీల్ నలభై దాటినాక రోరియన్ గ్రేసీ దగ్గర చేరి 2007లో బ్లాక్ తీసుకున్నాడు, అది కష్టార్జితం. ఇంకా పైన లెక్క చూస్తే నవ్వొస్తుంది. బ్లాక్ తర్వాత మూడు డిగ్రీలకు మూడేసి ఏళ్లు, తర్వాతి మూడింటికి అయిదేసి, ఏడుకూ ఎనిమిదికీ ఏడేసి, తొమ్మిదికి పది. మొత్తం 48. పంతొమ్మిదికి బ్లాక్ వచ్చినా తొమ్మిదో డిగ్రీకి కట్టే ఎర్ర బెల్టు 67కు ముందు రాదు. పదో డిగ్రీ ఈ విద్యకు మూలపురుషులైన గ్రేసీ అన్నదమ్ములకే, ఇంకెవరికీ లేదు.

స్టేజీ మీద బెల్టును మా పిల్ల ఇంకో కారణంతోనూ కాదంది. జియుజిట్సు బ్లాక్ బెల్టుకు ఒక కొస దగ్గర ఎర్ర పట్టీ ఉంటుంది, డిగ్రీలు దాని మీదే వేస్తారు. దీనికి పట్టీ లేదు, పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. ఆ బెల్టు ఇప్పుడు మా అమ్మ పూజ గదిలో ఉంది. మ్యాట్ మీద పొర్లిన బెల్టయితే తామర అంటుకోవచ్చు, గీతో పాటు ప్రతిసారీ ఉతకాలి. దీనికి ఆ బాధ లేదు.

పిలకాయల్ని చేర్పించే తల్లిదండ్రులు మొదటిరోజే గురువుకు బెల్టు ఎవరు కట్టారో అడగండి. బెల్టు పరీక్షకు వేరే ఫీజు ఉందేమో, ప్రతి క్లాసులో నిజమైన స్పారింగ్ (జోడీతో పోరు) జరుగుతుందో లేదో చూడండి. పన్నెండేళ్ల పిల్ల బ్లూ కట్టుకుని కనబడితే బయటికొచ్చేయండి. బెల్టు తొందరగా ఇచ్చే చోట పిలకాయలు కొన్నాళ్లు సంతోషంగానే ఉంటారు. తర్వాత పోటీలో తమకంటే రెండేళ్లు ఎక్కువ సాధన చేసినవాళ్ల కింద పడి, వరసగా ఓడి, మానేస్తారు.

ఇంత చెప్పే నేను ఆ సభలోనే "ప్రవాస ప్రముఖురాలు" అని శాలువా కప్పించుకున్నాను. ఏం సాధించినందుకో నాకూ తెలీదు, అడగనూ లేదు. అమెరికాలో మా ఇంటి అలమరా నిండా ఉన్న ఉత్తుత్తి పార్టిసిపేషన్ ట్రోఫీలు తుడిచి పెట్టేదీ నేనే. "ఊరికే వచ్చింది తీసుకోకు" అని అక్కడ నేర్పి, "పెద్దలు ఇస్తే కాదనకు" అని ఇక్కడ చెప్తే పిల్ల ఏది పట్టుకోవాలి? ఆ పెద్దాయనకు జియుజిట్సు మెట్లు తెలీవు, స్నేహితుడి మనవరాలికి ఏదో ఒకటి ఇవ్వాలని మాత్రం తెలుసు. రూల్ బుక్కులో దానికి చోటు లేదు. రెండు చేతులతో తీసుకుని, కట్టుకోకుండా మడిచి పెట్టుకుంటే సరిపోయేదా? పిల్లను అడిగితే, "అప్పుడు ఫొటో చూసినోళ్లు ఏమనుకుంటారు?" అంది. ఇదే ప్రశ్న నేను రోజుకోసారి దాన్ని అడుగుతుంటాను, వేరే సంగతులకు.

పదహారుకు ఆకుపచ్చ బెల్టు మీదుంటే గురువు ఇష్టాన్ని బట్టి బ్లూ ఇవ్వొచ్చు, నేరుగా పర్పుల్ కూడా ఇవ్వొచ్చు. మా పిల్ల అంతదాకా మానకుండా చేస్తే, గురువు బ్లూ కడితే, పర్పుల్ ఎందుకివ్వలేదని జిమ్ ఆఫీసులో నిలబడి అడిగేది నేనే అయుంటాను.