హనుమకొండలో మూడు రోజులు, ఒక వేపాకు

ఉప్పల్‌లో పొద్దున్నే బస్సెక్కాను. కాళ్ల దగ్గర కిట్ బ్యాగు, ఒళ్లో వంద బంతుల సంచి. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదని రూలు. వంద బంతులంటే నాలుగున్నర కిలోలు! భువనగిరి గుట్ట, ఆలేరు, పెంబర్తి, జనగామ దాటేదాకా ఒకటే టెన్షన్: పిల్లలకు ఏం చెప్పాలి?

ఆడటం నాకు పన్నెండేళ్లుగా అలవాటే. నేర్పించడం మాత్రం ఒక్కరోజు కూడా చేయలేదు. కోచింగ్ సర్టిఫికెట్ కోర్సుకు వెళ్లేలోపు అనుభవమున్నవాళ్ల పక్కన కొన్నాళ్లు నిలబడాలని ఉండేది. దసరా సెలవుల్లో హనుమకొండలో ఒక స్కూల్ గ్రౌండులో మూడు రోజుల క్యాంపు ఉందని సార్ అనగానే బయల్దేరాను. సార్ క్యాడీగా, అంటే గోల్ఫ్ ఆటగాళ్ల కిట్ మోసే పనితో, మొదలుపెట్టి కోచ్ అయినవారు. ఆయనతోపాటు మేడమ్, ఒకప్పుడు స్కూల్లో పీఈటీ.

గ్రౌండులో గడ్డి లేదు, గట్టి మొరం నేల. గోడ పక్కన వల కట్టి, రబ్బరు మ్యాట్లు పరిచాం. అందరూ కొట్టడం అయ్యేదాకా ఎవరూ గీత దాటకూడదు, బంతులు ఏరడానికి అందరూ ఒకేసారి వెళ్లాలి. సార్ గొంతు పెంచి చెప్పింది ఈ ఒక్కటే.

మొదటిరోజు నాకు పదకొండేళ్ల పిల్లవాడిని అప్పగించారు. చేతిలో సెవెన్ ఐరన్ అనే క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర. కొట్టిన ప్రతిసారీ క్లబ్ బంతి నెత్తిమీద తగిలి, బంతి నేలమీదే దొర్లుతోంది. తల ఎత్తకు, ఎడమ చెయ్యి చాపు, మోకాలు వంచు, పట్టు వదులు చెయ్, బరువు ఎడమకాలి మీదికి తే... ఒక్క నిమిషంలో ఐదు చెప్పాను. వాడు క్లబ్ మ్యాట్ మీద పెట్టేసి, "నాకు రాదు సార్" అన్నాడు. నా గుండె జారిపోయింది. వాడికి రాకపోవడం కాదు, రాదని నేనే నమ్మించాను.

సార్ వచ్చి నిలబడ్డారు. ఏమీ అనలేదు. నాలుగు బంతులు కొట్టించి చూశాక అడిగారు.

"చిర్రగోనె ఆడుతవా?"

"ఆడుత సార్."

"చిర్రను మంచిగ లేపుతవా?"

"మస్తు లేపుత!"

చిర్రగోనె అంటే బిళ్లంగోడు. చిర్ర మొన మీద కొట్టి పైకి లేపడం వాడి చేతులకు అలవాటు. ఇక్కడా బంతిని కింద నుంచి ఎగరేయబోతున్నాడు. అలా ఎగరేయబోతే క్లబ్ ముందే పైకి లేచి బంతి నడినెత్తిన తగులుతుంది. బంతిని లేపే పని క్లబ్‌దే. సెవెన్ ఐరన్ ముఖం ముప్పై డిగ్రీల పైచిలుకు వెనక్కి వాలి ఉంటుంది కదా. ఇదంతా నాకూ తెలుసు. కానీ సార్ ఇందులో ఒక్క ముక్క కూడా వాడికి చెప్పలేదు. కిందపడ్డ వేపాకు ఒకటి తీసి, బంతికి నాలుగు వేళ్ల ముందు పెట్టారు.

"బంతిని మర్చిపో. ఆ ఆకు లేవాలె."

మూడోసారికి బంతీ ఆకూ కలిసే లేచాయి. బంతి వల పైభాగంలో తగిలింది. వాడు వల వంక కాదు, గాల్లో తిరుగుతున్న ఆకు వంక చూస్తూ నిలబడ్డాడు.

రాత్రి సర్వపిండి తింటూ, ఎందుకు వివరించలేదని సార్‌ని అడిగాను. "వానికి చిర్రగోనె మంచిగొస్తది. అది తప్పంటే నొచ్చుకుంటడు. నువ్వు ముందుగాల చూడు, తర్వాత చెప్పు" అన్నారు.

రెండో రోజు సాయంత్రం మేడమ్‌తో కలిసి వేయిస్తంభాల గుడికి నడుస్తుంటే దారిలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. మేడమ్ ఆగి, "వంగే తీరు చూడండి" అన్నారు. తుంటి దగ్గర వంగి, వీపు గూని కాకుండా చప్పట్లు కొట్టి, మళ్లీ లేస్తున్నారు. గోల్ఫ్‌లో బంతి ముందు నిలబడాల్సింది సరిగ్గా అలాగే. పొద్దున గంటసేపు ఆడపిల్లలకు నేను మాటలతో చెప్పి చెప్పి అలసిపోయింది కూడా అదే. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో, నంది ముందు చాలాసేపు కూర్చున్నాను. మనసు మాత్రం ఆ వీధిలోనే ఉండిపోయింది.

చివరిరోజు ఆఖరి గంట నలుగురు పిల్లల్ని నాకు వదిలి, సార్ చెట్టు కింద అటు తిరిగి కూర్చున్నారు. ఒక అమ్మాయి నిటారుగా నిలబడి, చేతులు మాత్రమే చాపి కొడుతోంది. నోటిదాకా వచ్చిన మాటలు ఆపుకుని ఆరు బంతులు చూశాను. తర్వాత, "బతుకమ్మ ఆడేటప్పుడు ఎట్ల వంగుతవమ్మా?" అన్నాను. క్లబ్ చంకన పెట్టుకుని, వంగి చప్పట్లు కొట్టి చూపించింది.

"అట్లనే ఉండి కొట్టు."

టప్‌మని శుభ్రమైన చప్పుడు. ఆ చప్పుడు విని నా ఒళ్లు పులకరించింది.

"మళ్ల కొట్టనా సార్?"

ఇంకో బంతి పెట్టాను. సార్ ఇటు తిరక్కుండానే అడిగారు.

"ఎన్ని మాటలు చెప్పినవ్?"

"ఒకటే సార్."

"మంచిది. ఇగ బంతులు ఏరుకొని రాండ్రి, బస్సు టైమైతాంది."